భాగం - 9 : రంగస్థల ప్రయోగం, ధ్వనిముద్రణ – ‘ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్’ ఆల్బమ్ చరిత్ర

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఇద్దరు కళాకారుల కలయిక
9.3 సంగీత రచన – పారిస్‌లో నేర్చుకున్న పాఠం
9.4 నాటక నిర్మాణం
9.5 ప్రదర్శనలు, అప్పులు
9.6 ఆల్బమ్ రూపకల్పన
9.7 చారిత్రక ఆధారంగా ఆల్బమ్
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:

• 1970ల నాటి అమెరికన్ ప్రయోగాత్మక రంగస్థలం నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
• ఫిలిప్ గ్లాస్ సంగీత పద్ధతికి, భారతీయ లయకు మధ్య ఉన్న సంబంధాన్ని, ఆ సంబంధానికి ఉన్న హద్దులను గుర్తించగలుగుతారు.
• ఒక ప్రదర్శనకూ, దాని ధ్వనిముద్రణకూ మధ్య ఉన్న తేడాలను చెప్పగలుగుతారు.
• సంగీత ఆల్బమ్‌ను చారిత్రక ఆధారంగా వాడుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను రూపొందించగలుగుతారు.

9.1 పరిచయం

శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ పత్రాలు చరిత్ర రచనకు ఆధారాలని మీరు ముందు భాగాల్లో చదివారు. ఇరవయ్యవ శతాబ్దపు చరిత్రకు వీటితోపాటు మరో రకం ఆధారం దొరుకుతుంది. అది ధ్వనిముద్రణ. శాసనం చెక్కినవాడి ఉద్దేశాన్ని, చెక్కించినవాడి అవసరాన్ని ప్రశ్నించినట్లే, రికార్డును కూడా ప్రశ్నించాలి. దాన్ని ఎవరు, ఎందుకు, ఏ పరికరంతో, ఏ ఖర్చుతో తయారు చేశారు? అందులో ఏమి ఉంది, ఏమి లేదు?

రంగస్థల కళల విషయంలో ఈ ప్రశ్నలు మరింత ముఖ్యం. నాటకం తెర పడగానే ముగుస్తుంది. మరుసటి రోజు మళ్లీ ఆడినా అది మరో ప్రదర్శనే. చిత్రపటం గోడ మీద ఉంటుంది, నవల అలమరలో ఉంటుంది. ప్రదర్శన మాత్రం చూసినవారి జ్ఞాపకాల్లో, పత్రికా సమీక్షల్లో, కొన్ని ఫోటోల్లో మాత్రమే మిగులుతుంది. దాని సంగీతం రికార్డుగా వస్తే, ఆ రికార్డే కాలక్రమంలో నాటకానికి ప్రతినిధి అవుతుంది. నాటకం చూడనివారు రికార్డు విని, నాటకం తమకు తెలుసని అనుకుంటారు.

ఇలా జరిగిన ఒక ప్రసిద్ధ సందర్భాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం. ‘ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్’ అంటే ‘సముద్రతీరంలో ఐన్‌స్టైన్’ అని అర్థం. దీన్ని దర్శకుడు రాబర్ట్ విల్సన్, స్వరకర్త ఫిలిప్ గ్లాస్ కలిసి తయారు చేశారు. 1976లో తొలిసారి ప్రదర్శించారు. దాని సంగీతం 1979లో నాలుగు ఎల్.పి. రికార్డుల ఆల్బమ్‌గా వెలువడింది. ఈ ఆల్బమ్ నాటకాన్ని కాపాడిందా, లేక నాటకం స్థానంలో మరోదాన్ని నిలబెట్టిందా అన్నది మన ముందున్న ప్రశ్న.

9.2 ఇద్దరు కళాకారుల కలయిక

రాబర్ట్ విల్సన్ 1941లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జన్మించాడు. వాస్తుశిల్పం చదువుకున్నాడు. అందువల్ల ఆయన నాటకాన్ని కథగా కాక, స్థలం, వెలుగు, కదలికల అమరికగా చూశాడు. ఆయన నాటకాల్లో ఒక నటి రంగస్థలాన్ని ఒక చివర నుంచి మరో చివరకు దాటడానికి చాలా సేపు పట్టవచ్చు. 1973 డిసెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఆయన ప్రదర్శించిన జోసెఫ్ స్టాలిన్ జీవిత నాటకం దాదాపు 12 గంటలు సాగింది. దాన్ని చూసిన ప్రేక్షకుల్లో ఫిలిప్ గ్లాస్ ఒకడు.

గ్లాస్ 1937లో బాల్టిమోర్ నగరంలో జన్మించాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పూర్తి శిక్షణ పొందినవాడు. 1960ల చివర తన సొంత వాద్యబృందాన్ని ఏర్పాటు చేసుకున్నాడు. అందులో ఎలక్ట్రిక్ ఆర్గాన్లు, ఫ్లూట్లు, శాక్సఫోన్లు, స్త్రీ గాత్రం ఉండేవి. వీటన్నింటినీ మైకుల ద్వారా పెద్ద ధ్వనితో వినిపించేవారు. అప్పట్లో వీరి కచేరీలు ఎక్కువగా చిత్రశాలల్లోనూ, చిత్రకారులు నివసించే పాత గిడ్డంగుల మేడల్లోనూ జరిగేవి. పెద్ద సంగీత సంస్థలు వీరిని పిలవలేదు. బతుకుతెరువు కోసం గ్లాస్ నల్లా పనులు చేశాడు, టాక్సీ నడిపాడు.

1974 నుంచి ఇద్దరూ న్యూయార్క్‌లో తరచు భోజన సమయంలో కలుసుకుని చర్చించుకోసాగారు. ప్రపంచానికంతటికీ తెలిసిన ఒక వ్యక్తి చుట్టూ నాటకం అల్లాలని ఇద్దరికీ ఉంది. చాప్లిన్, హిట్లర్ పేర్లు విల్సన్ వైపు నుంచి వచ్చాయి. గ్లాస్ గాంధీ పేరు సూచించాడు. చివరికి ఐన్‌స్టైన్ దగ్గర ఒప్పందం కుదిరింది. ఇందులో ఒక సౌలభ్యం ఉంది. ఐన్‌స్టైన్ జీవితం ప్రేక్షకులకు ముందే తెలుసు. కథ చెప్పవలసిన పని లేదు. ఆయన పేరుతో ముడిపడిన బొమ్మలు, అంటే రైలు, గడియారం, వయొలిన్, అణుశక్తి, ఇవి చాలు.

మాటలు రాయడానికి ముందే నాటకం బొమ్మలుగా తయారైంది. విల్సన్ దృశ్యాలను వరుసగా గీశాడు. గ్లాస్ ఆ బొమ్మల పుస్తకాన్ని పియానో మీద పెట్టుకుని స్వరపరిచాడు. సాధారణంగా ఆపెరాలో మాట ముందు, స్వరం తర్వాత. ఇక్కడ బొమ్మ ముందు, స్వరం తర్వాత, మాట చివర. ఈ క్రమాన్ని గుర్తుంచుకోండి. బొమ్మ ఆధారంగా పుట్టిన సంగీతం ఆల్బమ్‌లో బొమ్మ లేకుండా వినిపిస్తుంది.

9.3 సంగీత రచన – పారిస్‌లో నేర్చుకున్న పాఠం

గ్లాస్ 1964 నుంచి 1966 వరకు పారిస్‌లో నాదియా బులాంజే అనే ప్రసిద్ధ ఉపాధ్యాయురాలి దగ్గర చదువుకున్నాడు. ఆ రోజుల్లోనే ‘చపాకువా’ అనే చలనచిత్రానికి పండిత రవిశంకర్ సంగీతం సమకూరుస్తున్నారు. ఆయన వాయించినదాన్ని పాశ్చాత్య వాద్యకారులు చదవగలిగేలా స్వరలిపిలో రాసే పని గ్లాస్‌కు దొరికింది. తబలా వాద్యకారుడు అల్లారఖా కూడా అక్కడ ఉన్నారు.

పాశ్చాత్య లిపిలో నిలువు గీతలు పాటను సమాన గదులుగా విడగొడతాయి. ప్రతి గది మొదటి స్వరంపై సహజంగా ఊనిక పడుతుంది. గ్లాస్ రాసిన లిపిని వాద్యకారులు వాయించినప్పుడు అనవసరమైన చోట్ల ఊనిక పడింది. అల్లారఖా దాన్ని అంగీకరించలేదు. గీతలు జరిపి చూసినా ఫలితం లేకపోయింది. చివరకు గ్లాస్ గీతలను పూర్తిగా తీసేశాడు. అప్పుడు స్వరాలు సమానమైన ధారగా కనబడ్డాయి. వాటిని రెండేసి, మూడేసి స్వరాల గుంపులుగా కలుపుకుంటూ పోతే పెద్ద ఆవర్తనం ఏర్పడుతుందని ఆయనకు అర్థమైంది. కాలాన్ని పెద్ద ముక్క నుంచి చిన్న ముక్కలుగా కోయడం ఒక పద్ధతి. చిన్న ముక్కలను కూర్చి పెద్దదాన్ని కట్టడం మరో పద్ధతి. ఈ రెండో పద్ధతిని ఆయన తన సంగీతానికి పునాది చేసుకున్నాడు.

కర్ణాటక సంగీతంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి ఇది కష్టం కాదు. ‘తకిట’ మూడు అక్షరాలు, ‘తకధిమి’ నాలుగు. రెండూ కలిస్తే మిశ్రగతి ఏడు అవుతుంది. ‘తక’, ‘తకిట’ కలిస్తే ఖండగతి ఐదు అవుతుంది. గ్లాస్ సంగీతంలో ఐదు స్వరాల చిన్న పలుకు కొన్నిసార్లు తిరిగి తిరిగి వచ్చి, ఒక స్వరం చేరి ఆరు అవుతుంది, మళ్లీ ఏడు అవుతుంది, కొన్నిసార్లు తగ్గుతుంది. మరో పద్ధతిలో రెండు వేర్వేరు పొడవులున్న పలుకులు ఏకకాలంలో తిరుగుతాయి. మూడు అక్షరాలది, నాలుగు అక్షరాలది ఒకేసారి మొదలైతే పన్నెండో అక్షరం ముగిసేసరికి రెండూ మళ్లీ ఒకచోట కలుస్తాయి. గడియారంలో ముళ్లు కలుసుకున్నట్లు ఈ కలయిక వినేవారికి ఆనందం కలిగిస్తుంది.

అయితే ఇక్కడ చరిత్ర విద్యార్థి తొందరపడకూడదు. ‘ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్’ భారతీయ సంగీతం అనడం సరికాదు. అందులో రాగం లేదు, ఆలాపన లేదు, గమకం లేదు. తాళానికి ఉన్న శాస్త్ర వ్యవస్థ మొత్తం ఆయన తీసుకోలేదు. భారతీయ లయలో ఆవర్తనం అనే పెద్ద చట్రం కూడా అంతే ముఖ్యం. గుంపులు ఎలా మారినా చివరికి సమం దగ్గరకు చేరాలి. గ్లాస్ ఒక సూత్రాన్ని అందుకుని, దాన్ని తన అవసరానికి మలచుకున్నాడు. దీన్ని అనుకరణ అనకుండా ప్రేరణ అనడం సబబు. ఆ ప్రేరణను ఆయన దాచలేదు. తర్వాత రవిశంకర్‌తో కలిసి చేసిన ‘పాసేజెస్’ ఆల్బమ్ 1990లో వెలువడింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. విల్సన్ వాస్తుశిల్ప విద్య ఆయన నాటకాలపై ఎలాంటి ప్రభావం చూపింది?
2. గ్లాస్ స్వరలిపిలోని నిలువు గీతలను ఎందుకు తొలగించాడు?

9.4 నాటక నిర్మాణం

ఈ నాటకంలో నాలుగు అంకాలు, తొమ్మిది దృశ్యాలు ఉన్నాయి. కథ లేదు. మూడు ప్రధాన దృశ్యాలు మాటిమాటికీ వస్తాయి. అవి రైలు, న్యాయస్థానం, అంతరిక్షనౌక కనిపించే మైదానం. మొదటి అంకంలో రైలు, న్యాయస్థానం ఉంటాయి. రెండో అంకంలో మైదానం, రైలు ఉంటాయి. మూడో అంకంలో న్యాయస్థానం, మైదానం ఉంటాయి. నాలుగో అంకంలో మూడూ రూపం మార్చుకుని వస్తాయి. రైలు భవనంగా మారుతుంది. న్యాయస్థానంలోని పడక ఒక కాంతిపట్టీగా మారుతుంది. మైదానంలో దూరంగా కనిపించిన అంతరిక్షనౌక లోపలికి మనం ప్రవేశిస్తాం. ఈ అమరిక పట్టికలా ఎంతో కచ్చితంగా ఉంది. కథ లేని నాటకానికి ఈ క్రమమే వెన్నెముక.

అంకాలకు ముందు, మధ్య, చివర ఐదు చిన్న ఘట్టాలు వస్తాయి. వీటిని ‘నీ ప్లేస్’ అన్నారు. ‘నీ’ అంటే ఇంగ్లీషులో మోకాలు. కాలి రెండు ఎముకలను మోకాలు కలిపినట్లు ఇవి అంకాలను కలుపుతాయి. రంగసజ్జ మార్చడానికి కావలసిన సమయాన్ని కూడా ఇవే ఇస్తాయి. మొదటి ఘట్టంలో ఆర్గాన్ మూడు మంద్రస్వరాలను మాత్రమే వినిపిస్తుంది. ఒకటి 4 లెక్కలు, రెండోది 6 లెక్కలు, మూడోది 8 లెక్కలు నిలుస్తాయి. ప్రేక్షకులు హాలులోకి వచ్చేసరికే ఈ స్వరాలు మోగుతూ ఉంటాయి.

బృందగానంలో పాడేవారికి సాహిత్యం లేదు. వారు లెక్కలను, స్వరాల పేర్లను పాడతారు. మొదట గాయకులు లయను, శ్రుతిని కంఠస్థం చేయడానికి పనికొస్తాయని ఈ అంకెలను, స్వరనామాలను వాడారు. నటులే గాయకులు కావడంతో, కాగితం చూడకుండా పాడుతూ కదలాలి. చివరకు వాటినే పాటగా ఉంచేశారు. స్వరం నేర్చుకునే దశలో పాడుకునే స్వరనామాలు వేదికెక్కడం మనకు వింత కాదు. చిట్టస్వరంలోనూ, స్వరకల్పనలోనూ మనం వింటున్నది అదే. ఆపెరా ప్రేక్షకులకు మాత్రం ఇది కొత్త.

మాట్లాడే భాగాలను ముగ్గురు రాశారు. అప్పటికి ఇంకా యుక్తవయస్సులోనే ఉన్న క్రిస్టఫర్ నోల్స్, నర్తకి లూసిండా చైల్డ్స్, న్యాయమూర్తి పాత్ర ధరించిన వృద్ధ నటుడు శామ్యూల్ ఎం. జాన్సన్. ఐన్‌స్టైన్ వేషం వేసుకున్న వయొలిన్ వాద్యకారుడు రంగస్థలానికీ, వాద్యబృందానికీ మధ్య కూర్చుంటాడు. ఐన్‌స్టైన్‌కు నిజ జీవితంలో వయొలిన్ అంటే ఇష్టం. ఈ పాత్ర తన ఎదుట జరుగుతున్నదాన్ని చూస్తూ వాయిస్తుంది. నాటకంలో అణుశాస్త్రం గురించిన ఉపన్యాసం ఏదీ లేదు. అయినా చివరి అంతరిక్షనౌక దృశ్యంలో మెరుపులు, హోరు, వేగం అణువిస్ఫోటాన్ని తలపిస్తాయి.

ప్రదర్శన దాదాపు 5 గంటలు. విరామం లేదు. ప్రేక్షకులు ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చు, తిరిగి రావచ్చు. రాత్రంతా సాగే వీధిభాగవతాన్నో, యక్షగానాన్నో చూసినవారికి ఈ స్వేచ్ఛ సుపరిచితమే. అయితే అక్కడ కథ ప్రేక్షకుడికి ముందే తెలుసు కాబట్టి లేచి వెళ్లగలడు. ఇక్కడ కథే లేదు కాబట్టి లేచి వెళ్లగలడు.

9.5 ప్రదర్శనలు, అప్పులు

ఫ్రాన్స్ సాంస్కృతిక వ్యవహారాలు చూస్తున్న మిషెల్ గీ ఈ నాటకానికి ప్రోత్సాహమిచ్చాడు. 1976 జూలై 25న ఫ్రాన్స్‌లోని అవిన్యోఁ నాటకోత్సవంలో తొలి ప్రదర్శన జరిగింది. తర్వాత బృందం వెనిస్, బెల్‌గ్రేడ్, పారిస్, హాంబుర్గ్ మొదలైన యూరప్ నగరాల్లో ప్రదర్శించింది. అదే సంవత్సరం నవంబరులో న్యూయార్క్‌కు తిరిగి వచ్చింది.

న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఆపెరా హౌస్ అమెరికాలోనే అత్యంత ప్రతిష్ఠ గల వేదిక. ఆ సంస్థ ఈ నాటకాన్ని తన సొంత కార్యక్రమంగా చేపట్టలేదు. ఆపెరా లేని ఆదివారం నాడు హాలును అద్దెకు తీసుకున్నారు. నవంబరు 21 ప్రదర్శనకు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. అందువల్ల 28న మరో ప్రదర్శన పెట్టారు. అదీ నిండిపోయింది. హాలు రెండుసార్లు నిండినా బృందానికి మిగిలింది లక్ష డాలర్లకు దగ్గరగా అప్పు. కారణం సులభం. ఇంత పెద్ద రంగసజ్జ, ఇంతమంది కళాకారులు, ఇంత దూర ప్రయాణాలు ఉన్న నాటకంలో ఒక్కో ప్రదర్శన ఖర్చు టికెట్ల రాబడికంటే ఎక్కువ. ఎన్ని ప్రదర్శనలు ఇస్తే అంత నష్టం. మెట్రోపాలిటన్ వేదిక మీద తన కృతి మోగిన తర్వాత కూడా గ్లాస్ టాక్సీ నడపడానికి వెళ్లవలసి వచ్చింది.

ఈ ఆర్థిక పరిస్థితి మన చర్చకు కీలకం. 1976 తర్వాత 1984 దాకా ఈ నాటకాన్ని ఎవరూ చూడలేదు. 1984లో బ్రూక్లిన్‌లో, 1992లో వివిధ దేశాల్లో, 2012 నుంచి 2015 వరకు మరోసారి దీన్ని పునఃప్రదర్శించారు. అంటే దాదాపు 40 సంవత్సరాల్లో నాలుగు విడతలు మాత్రమే. ఆ మధ్యకాలాల్లో నాటకం ఉనికిని నిలబెట్టింది ప్రధానంగా ఆల్బమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

1. ‘నీ ప్లేస్’ అనే ఘట్టాల ప్రయోజనాలు ఏవి?
2. టికెట్లన్నీ అమ్ముడుపోయినా బృందం ఎందుకు అప్పుల్లో పడింది?

9.6 ఆల్బమ్ రూపకల్పన

9.6.1 మొదటి ఆల్బమ్ (1979)

టొమాటో రికార్డ్స్ అనే చిన్న సంస్థ 1979లో నాలుగు ఎల్.పి. రికార్డుల పెట్టెగా ఈ సంగీతాన్ని విడుదల చేసింది. మైకేల్ రీస్‌మన్ సంగీత నిర్వహణ చేశాడు. గ్లాస్ బృందానికి ధ్వని ఏర్పాట్లు చూసే కర్ట్ ముంకాసి, గ్లాస్‌తో కలిసి రికార్డింగ్ బాధ్యత వహించాడు. వయొలిన్ పాల్ జుకోఫ్‌స్కీ వాయించాడు. లూసిండా చైల్డ్స్, షెరిల్ సటన్, శామ్యూల్ జాన్సన్ వంటి తొలి ప్రదర్శన నటుల గొంతులు ఇందులో ఉన్నాయి. ఇది రంగస్థలం నుంచి నేరుగా తీసిన రికార్డు కాదు. స్టూడియోలో విడిగా చేసినది.

ఇక్కడ సాంకేతిక పరిమితిని గమనించండి. ఎల్.పి. రికార్డు ఒక పక్క 20 నిమిషాలకు కాస్త అటూ ఇటూ నాణ్యమైన ధ్వని పడుతుంది. నాలుగు రికార్డులకు ఎనిమిది పక్కలు. మొత్తం కలిపి 160 నిమిషాల చుట్టుపక్కల. నాటకమేమో 300 నిమిషాలు. కాబట్టి సంగీతాన్ని కుదించక తప్పలేదు. పునరావృత్తుల సంఖ్యను తగ్గించారు. ఏ సంగీతంలోనైనా కొంత కత్తిరిస్తే కొంత పోతుంది. కాని పునరావృత్తే ప్రాణంగా ఉన్న సంగీతంలో పునరావృత్తిని తగ్గిస్తే దాని స్వభావమే కొంత మారుతుంది. శ్రోత మెల్లగా కాలస్పృహ కోల్పోవడం ఈ సంగీతం ఉద్దేశాల్లో ఒకటి. ప్రతి 20 నిమిషాలకూ లేచి రికార్డు తిప్పవలసి వస్తే ఆ అనుభవం తెగిపోతుంది.

మరో పక్క, ఆల్బమ్ కొత్త శ్రోతలను తెచ్చింది. అవిన్యోఁకు గాని న్యూయార్క్‌కు గాని వెళ్లలేనివారు తమ ఇంట్లో కూర్చుని విన్నారు. 1980లలో సి.బి.ఎస్. మాస్టర్‌వర్క్స్ అనే పెద్ద సంస్థ దీన్ని తిరిగి విడుదల చేయడంతో అది మరింత విస్తృతంగా దొరికింది.

9.6.2 రెండో ఆల్బమ్ (1993)

1982లో కాంపాక్ట్ డిస్క్ మార్కెట్లోకి వచ్చింది. ఒక డిస్కులో 70 నిమిషాలకు పైగా ధ్వని పడుతుంది. మధ్యలో తిప్పే పని లేదు. 1992 పునఃప్రదర్శన తర్వాత అదే సంగీతాన్ని మళ్లీ రికార్డు చేసి, నాన్‌సచ్ సంస్థ 1993లో మూడు డిస్కులుగా విడుదల చేసింది. నిడివి 3 గంటలకు పైగా పెరిగింది. ముందు కుదించిన భాగాలు కొంతవరకు తిరిగి చేరాయి. రీస్‌మనే మళ్లీ నిర్వహణ చేశాడు. వయొలిన్ ఈసారి గ్రెగరీ ఫుల్కర్సన్ వాయించాడు. ఆర్గాన్ల స్థానంలో కొత్త తరం ఎలక్ట్రానిక్ కీబోర్డులు వచ్చాయి. గానం మరింత కచ్చితంగా, ధ్వని మరింత తేటగా ఉంది.

ఈ రెండింటిలో ‘అసలైనది’ ఏది? నిడివి ప్రకారం చూస్తే 1993 ఆల్బమ్ నాటకానికి దగ్గర. తొలి బృందం గొంతులు, ఆనాటి ఆర్గాన్ల గరుకు ధ్వని కావాలంటే 1979 ఆల్బమ్ దగ్గర. ఒకదానిలో కాలం తగ్గింది, మరొకదానిలో కాలం గడిచింది. ఏ ఒక్కటీ 1976 జూలై నాటి రాత్రి కాదు.

9.7 చారిత్రక ఆధారంగా ఆల్బమ్

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. ఆల్బమ్ ఏమి కాపాడింది, ఏమి వదిలేసింది?

(అ) కాపాడినవి: స్వరాలు, లయ, మాటలు, గొంతుల తీరు, వాద్యాల మేళవింపు. ‘భవనం’ దృశ్యంలో టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు మనోధర్మంతో వాయించే భాగం ఒకటి ఉంది. లిపి ద్వారా దాన్ని తెలుసుకోలేం. రికార్డు మాత్రమే దాన్ని పట్టుకోగలిగింది. అయితే రోజుకో రకంగా ఉండవలసిన మనోధర్మం రికార్డులో ఒకే రూపంలో స్థిరపడిపోయింది.

(ఆ) వదిలేసినవి: వెలుగు, రంగసజ్జ, నృత్యం, నటుల నెమ్మది కదలిక, ప్రేక్షకుల రాకపోకలు. ‘పడక’ దృశ్యాన్నే తీసుకోండి. చీకటి రంగస్థలంపై అడ్డంగా పడి ఉన్న కాంతిపట్టీ మెల్లమెల్లగా నిలువుగా లేచి, పైకి వెళ్లి కనుమరుగవుతుంది. మనిషి ఎవరూ కనిపించరు. ఆర్గాన్, మాటలు లేని స్త్రీ గాత్రం వినిపిస్తాయి. ఆల్బమ్‌లో ఇది అందమైన పాటగా మాత్రమే మిగిలింది. ఆ పాట ఏ వెలుగును లేపుతోందో వినేవారికి తెలియదు.

(ఇ) మార్చినవి: రంగస్థలం మీద విల్సన్, గ్లాస్ సమాన భాగస్వాములు. నృత్య రూపకల్పన తొలి ప్రదర్శనలో ఆండీ డి గ్రోట్‌ది. 1984 నుంచి చైల్డ్స్‌ది. ఆల్బమ్‌లో ఇవేవీ వినబడవు కాబట్టి కృతి ప్రధానంగా స్వరకర్తదిగా గుర్తింపు పొందింది. దుకాణంలోనూ, గ్రంథాలయంలోనూ దాన్ని గ్లాస్ పేరు కింద వెదుకుతారు. ఇందులో ఎవరి కుట్రా లేదు. మాధ్యమం స్వభావమే అది. చెవికి అందేది చేసినవారి పేరు నిలుస్తుంది, కంటికి అందేది చేసినవారి పేరు వెనక్కు వెళ్తుంది. చరిత్ర రాసేవారు దీన్ని గుర్తించి సరిచేయాలి.

(ఈ) సాధ్యం చేసినవి: రంగస్థలం నుంచి విడివడిన సంగీతం స్వతంత్రంగా జీవించసాగింది. 1988లో జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో ఆకిమ్ ఫ్రైయర్ అనే దర్శకుడు విల్సన్ బొమ్మలతో సంబంధం లేకుండా, పూర్తిగా తన రంగసజ్జతో ఈ కృతిని ప్రదర్శించాడు. బొమ్మల నుంచి పుట్టిన సంగీతం ఇప్పుడు కొత్త బొమ్మలను పుట్టించింది. గ్లాస్ జీవితంలోనూ ఈ కృతి మలుపు. 1980లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఆయన తర్వాతి ఆపెరా ‘సత్యాగ్రహ’ ప్రదర్శితమైంది. దక్షిణాఫ్రికాలో గాంధీజీ పోరాటం దాని విషయం. భగవద్గీత శ్లోకాలను సంస్కృతంలోనే పాడతారు. 1974 నాటి చర్చల్లో పక్కకు పోయిన గాంధీ పేరు ఈ విధంగా తిరిగి వచ్చింది.

ప్రదర్శనను పూర్తిగా వీడియో తీసే అవకాశం చాలా ఆలస్యంగా వచ్చింది. 2014 జనవరిలో పారిస్‌లోని షాట్‌లే థియేటర్లో చిత్రీకరించిన పూర్తి ప్రదర్శన 2016లో వెలువడింది. తొలి ప్రదర్శనకూ, దీనికీ మధ్య 40 సంవత్సరాల దూరం. ఇప్పటి విద్యార్థి కాంతిపట్టీ లేవడాన్ని చూడగలడు. అయితే వీడియో కూడా కెమెరా ఎంచుకున్న చూపే. విశాల రంగస్థలం మీద ఒకేసారి ఐదారు పనులు జరుగుతుంటే ప్రేక్షకుడు తనకు నచ్చినదాన్ని చూస్తాడు. వీడియోలో ఆ ఎంపిక ఎడిటర్ చేస్తాడు.

అందువల్ల ఏ ఒక్క ఆధారమూ సంపూర్ణం కాదు. విల్సన్ గీసిన బొమ్మలు, గ్లాస్ స్వరలిపి, ఆనాటి సమీక్షలు, ఫోటోలు, రెండు ఆల్బమ్‌లు, వీడియో, వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి చెప్పనిది మరొకటి చెబుతుంది. ఒకటి మార్చినది మరొకటి పట్టిస్తుంది. మన పద్యనాటకాల చరిత్రకూ ఇదే వర్తిస్తుంది. గ్రామఫోన్ రికార్డు ఒక పక్క మూడు, నాలుగు నిమిషాలకు మించి పట్టదు. ఆ రికార్డులో వినిపించే పద్యం వేదిక మీద నటుడు సాగదీసి పాడిన పద్యం కొలతతో ఉండదు. రికార్డు విని వేదికను ఊహించేవారు ఈ కొలతను లెక్కలోకి తీసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3

1. 1979, 1993 ఆల్బమ్‌ల మధ్య రెండు ముఖ్యమైన తేడాలు రాయండి.
2. మీ ప్రాంతంలో మీరు చూసిన ఒక నాటకాన్ని గాని, బుర్రకథను గాని, హరికథను గాని తలచుకోండి. దాని ధ్వనిని మాత్రమే రికార్డు చేస్తే ఏవి పోతాయో ఐదు వాక్యాల్లో రాయండి.

9.8 సారాంశం

‘ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్’ కథ లేని, బొమ్మల ఆధారంగా రూపొందిన రంగస్థల ప్రయోగం. దాని సంగీతంలో చిన్న స్వరసమూహాలను కూర్చే పద్ధతికి భారతీయ లయ పరిచయం ప్రేరణ అయింది. 1976లో అది ఘనవిజయం సాధించినా నిర్మాతలను అప్పుల్లో ముంచింది. దానివల్ల పునఃప్రదర్శనలు అరుదయ్యాయి. ఆ ఖాళీని ఆల్బమ్ పూరించింది. ఎల్.పి. రికార్డు పరిమితి వల్ల 1979 ఆల్బమ్ కుదించిన రూపంలో వచ్చింది. 1993 ఆల్బమ్ నిడివిలో విస్తరించింది. ఆల్బమ్ సంగీతాన్ని కాపాడి, దృశ్యాన్ని వదిలేసి, కృతి కర్తృత్వం గురించిన అవగాహనను మార్చింది. కాబట్టి ఆల్బమ్‌ను ప్రదర్శనకు నకలుగా కాక, తనదైన కాలం, ఖర్చు, సాంకేతికత గల వేరొక కృతిగా, ఇతర ఆధారాలతో సరిపోల్చి చదవాలి.

9.9 ముఖ్య పదాలు

ఆపెరా : ఆద్యంతం సంగీతంతో నడిచే పాశ్చాత్య నాటకరూపం.
ఎల్.పి. రికార్డు : నిమిషానికి 33⅓ సార్లు తిరిగే, ఎక్కువ నిడివి గల వినైల్ రికార్డు.
ఆవర్తనం : తాళంలో ఒక పూర్తి చుట్టు.
స్వరలిపి : సంగీతాన్ని రాసే సంకేత పద్ధతి.
పునఃప్రదర్శన : పాత నాటకాన్ని కొంతకాలం తర్వాత మళ్లీ వేదికకు తేవడం.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. ‘ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్’ రూపకల్పనలో విల్సన్, గ్లాస్‌ల పాత్రను వివరించండి.
2. రంగస్థల చరిత్రకు ఆల్బమ్ ఎంతవరకు నమ్మదగిన ఆధారం? ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. గ్లాస్ సంగీతంపై భారతీయ లయ ప్రభావాన్ని, దాని హద్దులను తెలపండి.
2. ఎల్.పి. రికార్డు సాంకేతిక పరిమితి 1979 ఆల్బమ్‌ను ఎలా ప్రభావితం చేసింది?
3. ఆల్బమ్ వల్ల కృతి కర్తృత్వం గురించిన అవగాహన ఎలా మారింది?